మూడో పాటలో కోపం

ఆ ఏడు వానలు మొదలైన మొదటి శుక్రవారమే మూడు ఆల్బంలు ఒకేసారి విడుదలయ్యాయి. నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఏది ముందు వినాలి? మరమ్మతుల కోసం ఖాళీ చేసిన ఈతకొలనులోకి దిగి, ఆ గోడల మోతలోనే పాటలన్నీ రికార్డు చేసిన ముగ్గురు అక్కచెల్లెళ్ళదా? ఒక తీగ తెగిపోయిన గిటారుతోనే ఆల్బమంతా లాక్కొచ్చిన పోస్టుమాన్‌దా? ఆఖరి పాటలో ఏడు నిమిషాలపాటు ఒకే ఒక్క స్వరం పట్టుకుని వదలని ఆ మొండి కుర్రాళ్ళదా?

పాటలంటే చెవి కోసుకుంటానని మా వాళ్ళందరూ అంటారు. అన్ని పాటలూ కాదు. పెద్ద కంపెనీల అండ లేకుండా, అద్దె గదుల్లోనూ కార్ల షెడ్లలోనూ తమ పాటలు తామే రికార్డు చేసుకుని, తామే అట్టలు అంటించి బయటికి వదిలే బ్యాండ్లుంటాయే, ఇండీ రాక్ అంటారు, అవి నాకు ప్రాణం. పగలంతా కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో అద్దాలు సానపట్టి ఫ్రేముల్లో బిగించేవాణ్ణి. సాయంత్రం ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ తగిలించుకునేవాణ్ణి. కొత్తగా వచ్చిన వాటి గురించి వారం వారం ఒక ఉత్తరం రాసి, కోరినవాళ్ళకు మెయిల్లో పంపేవాణ్ణి. రెండువందల పన్నెండు మంది పాఠకులు. నా కలంపేరు 'కోసుకున్న చెవి'. వయసు ముప్పై ఆరు. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే నేను కొత్త ఆల్బం మాట ఎత్తేవాణ్ణి. వాళ్ళే లేచి వెళ్ళిపోయేవాళ్ళు.

నాన్న పోయాక ఇంట్లో నేనూ అమ్మా. అమ్మ ముప్పై మూడేళ్ళు పుస్తకాల బైండింగు షాపులో పనిచేసి అంతకు ముందు చలికాలమే మానేసింది. ఆవిడది సుత్తి పని. కుట్టిన పుస్తకం వీపు గుండ్రంగా తిరిగేదాకా కొట్టాలి. ఎక్కువ కొడితే కాగితం చిరుగుతుంది, తక్కువ కొడితే పుస్తకం తెరుచుకోదు. అరవై ఒకటో ఏట కూడా ఆవిడ మూత బిగించిన సీసాని నేను తియ్యలేకపోయేవాణ్ణి.

ఆ శుక్రవారం సాయంత్రం అమ్మని పిలిచి వంటింటి గడపలో నిలబెట్టాను.

"ఇది వినమ్మా. ఈతకొలనులో రికార్డు చేశారు. ఆగు, ఆగు, ఇప్పుడొస్తుంది చూడు బేస్ గిటారు!"

"వానొస్తోంది. దండెం మీద బట్టలు తియ్యి."

"ఒక్క నిమిషం."

"తడిసిపోతాయిరా."

"ఒక్క నిమిషమమ్మా, ఇదిగో, ఇక్కడ, ఇక్కడ విను."

బేస్ గిటారు వచ్చేసరికి అమ్మ లేదు. పెరట్లోంచి బట్టలు తెచ్చి, నావన్నీ మడతపెట్టి నా గదిలో కుర్చీ మీద పెట్టింది. ఆ కుర్చీ మీద అప్పటికే పోయిన వారం బట్టలున్నాయి. వాటి కింద అంతకు ముందు వారానివి. ఆ కుర్చీలో మనిషన్నవాడు కూర్చుని ఏళ్ళయింది.

వానలు ముదిరాక అమ్మ సాయంత్రం నడకకు వెళ్ళడం మొదలుపెట్టింది. మోకాళ్ళకు మంచిదట. వారానికి మూడు రోజులు, ఐదింటికి గొడుగు పట్టుకుని వెళ్ళి ఏడింటికి వచ్చేది. జుట్టంతా తడిసి, మొహం ఎర్రగా కందిపోయి, ఆయాసపడుతూ వచ్చేది. గొడుగు మాత్రం పొడిగా ఉండేది. కళ్ళజోడు మీద వెంట్రుకంత గీత ఉన్నా పట్టుకునే నా కళ్ళకు ఇది ఆనలేదు. అరచేతిలో బొబ్బలు లేస్తే "గొడుగు పిడి ఒత్తుకుంది" అంది. పాపం అనుకుని మెత్తటి పిడి ఉన్న కొత్త గొడుగు కొనిచ్చాను. అమ్మ దానివంకా నావంకా మార్చి మార్చి చూసి "బంగారు తండ్రి" అంది. ఆ మాటకు పొంగిపోయి ఆవిడకు పోస్టుమాన్ ఆల్బం మొత్తం వినిపించాను.

ఒకరోజు పిన్ని ఫోన్ చేసింది.

"ఒరేయ్, నిన్న మీ అమ్మని చూశాను. ఎవరిదో వ్యాన్లోంచి దిగింది. నడిపేది ఎవరో తెల్లమీసాల పెద్దమనిషి. దిగాక కూడా కిటికీ దగ్గర నిలబడి ఒకటే నవ్వులు."

"వానలో ఎవరో దింపి ఉంటారులే పిన్నీ."

"దింపినవాళ్ళకి దణ్ణం పెట్టి వచ్చేస్తారు గానీ పావుగంట నవ్వుతారట్రా? పైగా మీ అమ్మ ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది. మీ బాబాయిని నేను ఇన్నేళ్ళలో ఒక్కసారీ అలా చరవలేదు."

"అయితే ఏమంటావు?"

"నేనేమీ అనను. నీ కళ్ళజోడు తుడుచుకోమంటాను."

అమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుంటుందేమో అనుకున్నాను. కానీ ఆ వారం నా బుర్రలో ఇంకో సంగతి తిష్ట వేసుకుని ఉంది. దాని పక్కన అమ్మ పెళ్ళికి చోటు చాల్లేదు.

సంగతేమిటంటే, రికార్డుల షాపు గడ్డమాయన నాకొక సీడీ ఇచ్చాడు. నేను వెళ్ళినప్పుడల్లా గడ్డం దువ్వుకుంటూ "ఇది నీకు నచ్చదు" అని ఏదో ఒకటి చేతిలో పెట్టడం ఆయన పద్ధతి. ఈసారి ఆ మాట అనలేదు. గోధుమరంగు అట్ట, దాని మీద చేత్తో రాసిన అక్షరాలు. బ్యాండు పేరు 'తడిసిన అగ్గిపెట్టె'. ఐదు పాటలు. ఎవరు పాడారో, ఎవరు వాయించారో ఎక్కడా లేదు.

"ఎవరు వీళ్ళు?" అని అడిగాను.

"ఈ ఊరివాళ్ళే. నీ ఉత్తరంలో రాస్తావేమోనని ఇచ్చివెళ్ళారు. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని, మొహమాటం లేకుండా రాయాలట. మరీ మరీ చెప్పారు."

ఇంటికొచ్చి పెట్టాను. మొదటి పాట బాగుంది. రెండోది ఇంకా బాగుంది. మూడోది మొదలయ్యాక నేను మంచం మీంచి లేచి నిలబడ్డాను. దాని పేరు 'కుర్చీ మీద బట్టలు'. ఆడగొంతు, విసుగూ నవ్వూ కలిసిన గొంతు, నాలుగే ముక్కలు తిప్పి తిప్పి పాడుతోంది:

కుర్చీ మీద బట్టలు
కుర్చీ ఏదో కనపడదు
పిలిస్తే ఒక్క నిమిషం
ఒక్క నిమిషం, ఒక్క నిమిషం

ఆ పాట కింద డ్రమ్ములు! ఇన్నేళ్ళలో నేను అలాంటి డ్రమ్ములు వినలేదు. మొదట మెల్లగా, ఒద్దికగా, ఎవరో తలుపు తట్టినట్టు. ప్రతి 'ఒక్క నిమిషం'కీ ఒక దెబ్బ ఎక్కువ. చివరికొచ్చేసరికి ఇల్లు కూలుతోందా అన్నంత మోత. అయినా ఒక్క దెబ్బా గీత దాటదు. ఆ కోపం ఎంత పెద్దదో, దాన్ని పట్టి ఉంచిన చెయ్యి అంత గట్టిది. ఆ పాట ఆ సాయంత్రం పద్నాలుగుసార్లు విన్నాను. అమ్మ అన్నానికి రెండుసార్లు పిలిచింది. ఏమన్నానో వేరే చెప్పక్కర్లేదు.

ఆ వారం ఉత్తరం మొత్తం దాని గురించే రాశాను, పద్నాలుగుసార్లు విన్నదీ, ఆ పట్టి ఉంచిన చెయ్యి సంగతీ. ఇప్పుడు తల్చుకుంటే చెవులు నిజంగానే కోసుకోవాలనిపిస్తుంది గానీ, ఉన్నదున్నట్టు చెప్తాను. "ఈ డ్రమ్మరుకు ఇరవై రెండేళ్ళకు మించి ఉండవు" అని రాశాను. "ఎవరో అమ్మాయి కాదని వెళ్ళిపోయి ఉంటుంది. తిండి మానేసి, గడ్డం పెంచుకుని, రాత్రింబవళ్ళు వాయిస్తూ ఉండి ఉంటాడు. కుర్చీ మీద బట్టలంటే ఉత్త బట్టలు కావు. ప్రాణం విడిచి వెళ్ళిన దేహాలు. కుర్చీ అంటే కాలం. ఒక్క నిమిషం అన్నది మనిషి మృత్యువుని అడిగే గడువు."

రెండురోజుల తర్వాత అమ్మ కూరగాయలు తరుగుతూ ఉన్నట్టుండి అడిగింది.

"కుర్చీ అంటే కాలమేనంటావా?"

"అంతేగా మరి. ఇంకేమవుతుంది?"

"కుర్చీయే అవ్వచ్చు కదా."

"పాటల్లో అలా ఉండదమ్మా. లోపలికి వెళ్ళి చూడాలి."

"లోపలికి వెళ్ళి చూస్తే బట్టలే ఉన్నాయిరా" అంది అమ్మ. కత్తి ఆగకుండా టకటకా నడుస్తోంది. నా ఉత్తరం ఆవిడ ఎప్పుడు చదివింది, ఎలా చదివింది అని అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. నా పాఠకుల్లో పుస్తకాల సుత్తి బొమ్మ పెట్టుకున్నావిడ ఒకరున్నారని తర్వాత చూసుకున్నాను.

పిన్ని మాత్రం ఊరుకోలేదు. రోజూ ఫోను. చివరికి ఒక గురువారం అమ్మని కూర్చోబెట్టి, గొంతు సవరించుకుని, పెద్దరికం తెచ్చిపెట్టుకుని మొదలుపెట్టాను.

"అమ్మా, నాకేమీ అభ్యంతరం లేదు."

"దేనికి?"

"ఆయనెవరో... మీసాలాయన. నీ జీవితం నీది. నువ్వు సంతోషంగా ఉండటమే నాకు కావాలి."

అమ్మ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. నేను మంచినీళ్ళిచ్చాను.

"ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కురా. పెళ్ళాం ఉంది, ముగ్గురు మనవలున్నారు. చిన్నదానికి నిన్ననే పన్నూడింది."

"మరి వ్యానూ, నవ్వులూ?"

అమ్మ కళ్ళు తుడుచుకుని గ్లాసు కింద పెట్టింది. "ఆదివారం నాలుగింటికి నీకు ఖాళీయేనా?"

"ఆదివారమా? అస్సలు కుదరదు. తడిసిన అగ్గిపెట్టె వాళ్ళ మొదటి కచేరీ ఉంది. రికార్డుల షాపు మేడ మీద. ప్రాణం పోయినా వెళ్ళాలి."

"సరే అయితే" అంది అమ్మ లేచి. "అది చూసుకో."

చుట్టుపక్కలవాళ్ళు గొడవ చెయ్యకుండా కచేరీ పట్టపగలే పెట్టారు. అరగంట ముందే వెళ్ళి అందరికంటే ముందు వరసలో నిలబడ్డాను. అరవై డెబ్బై మంది ఉంటారు. తడి గొడుగుల వాసన. సగంమంది నోట నా ఉత్తరం మాటే. ఒకమ్మాయి "కుర్చీ అంటే కాలమట" అని పక్కవాడికి చెబుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

ముందు గిటారు పట్టుకుని నలభై ఏళ్ళావిడ వచ్చింది. పాడేది ఆవిడే, బడిలో రసాయనశాస్త్రం చెప్పే టీచరట. మా షాపులోనే ఆవిడ కళ్ళజోడు చేశాను, ఎడమ కన్ను మైనస్ మూడు. తర్వాత బేస్ గిటారు తగిలించుకుని తెల్లమీసాల పెద్దమనిషి వచ్చాడు. ఈయన్ని ఎక్కడో విన్నానే అనుకున్నాను. చూడటం కాదు, వినడం. ఆ వెనకే మా అమ్మ వచ్చింది.

నీళ్ళ సీసా ఇవ్వడానికి వచ్చిందనుకున్నాను. నిజం, ఒట్టు. నాకోసం వెతుక్కుంటూ వచ్చి దారి తప్పి అటు ఎక్కేసిందేమోనని, "అమ్మా, ఇటు, ఇటు" అని చెయ్యి కూడా ఊపాను. అమ్మ నావంక చూసి, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్యకు దోపుకుని, డ్రమ్ముల వెనక కూర్చుని, కర్రలు రెండూ తీసి ఒకదానితో ఒకటి నాలుగుసార్లు కొట్టింది.

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పమంటే నా కలం సాగదు. రెండువందల పన్నెండు మందికి వారం వారం రాసినవాణ్ణి, ఆ రోజు గురించి ఒక్క ముక్క రాయలేకపోయాను. మూడో పాట వచ్చినప్పుడు మేడంతా 'ఒక్క నిమిషం, ఒక్క నిమిషం' అని అరుస్తోంది. ప్రతి దెబ్బకీ ఆవిడ భుజం లేచి పడుతోంది. మొహంలో కోపం లేదు. పుస్తకం వీపు సరిగ్గా తిరిగిందా లేదా అని చూసే మనిషి మొహం అది. అందరితోపాటు నేనూ అరుస్తున్నాను. అరుస్తూ అరుస్తూ ఉండగా, ఆ మాట ఎవరిదో నాకు తెలిసింది. నోరు మూసుకున్నాను.

అయ్యాక జనం అమ్మ చుట్టూ మూగారు. వాళ్ళందరూ వెళ్ళేదాకా గోడవారన నిలబడి, అప్పుడు దగ్గరికి వెళ్ళాను. అమ్మ తువ్వాలుతో మెడ తుడుచుకుంటోంది.

"ఎవరి మీదమ్మా అంత కోపం?"

"నువ్వే రాశావుగా. నాకు ఇరవై రెండేళ్ళని, అమ్మాయి కాదని పోయిందని."

"అది కాదు. అసలు..."

"నీ బట్టలేరా" అంది. టీచరు పక్కకు తిరిగి గిటారు పెట్టెలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది.

"నాకు ఒక్క మాట చెప్పచ్చు కదా?"

"చెప్పాను. రెండుసార్లు."

"ఎప్పుడు?"

"ఒకసారి వంటింట్లో, ఒకసారి నీ గదిలో. ఇలా ఈ టీచరమ్మ పిల్లల నోటుపుస్తకాలు బైండింగుకు తెచ్చేదనీ, నా సుత్తి చప్పుడు విని డ్రమ్ములు నేర్చుకోమందనీ, వెళ్దామా వద్దా అనీ అడిగాను. చెవులకి అవి పెట్టుకుని ఉన్నావ్. తలూపావ్. నాకే ఊపావనుకుని వెళ్ళిపోయాను."

తలూపబోయి ఆపుకున్నాను.

"అందుకే అట్ట మీద పేర్లు వెయ్యొద్దన్నాను" అంది అమ్మ, కాస్త మెత్తగా. "నావని చెబితే నువ్వు వినవు. ఎవరివో అంటే పద్నాలుగుసార్లు విన్నావ్. బాగా రాశావు కూడా. ఆ 'పట్టి ఉంచిన చెయ్యి' అన్న ముక్క నాకు నచ్చింది."

లిఫ్టు మెకానిక్కు దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "మీ గురించి చాలా విన్నానండీ" అన్నాడు. ఏం విని ఉంటాడో ఊహించుకుని తల దించుకున్నాను.

ఆ సీడీ చేతులు మారి మారి పక్క ఊళ్ళకు వెళ్ళింది. పిలుపులొచ్చాయి. ఆరు ఊళ్ళు, ఇరవై రోజులు. టీచరు సెలవు పెట్టింది, మెకానిక్కు వ్యానుకు కొత్త టైర్లు వేయించాడు. పిన్ని మా ఇంటికొచ్చి, మీసాలాయన భార్యతో ఫోన్లో మాట్లాడి నిర్ధారించుకుని, అప్పుడు వాళ్ళక్క కోసం నల్లరంగు బూట్లు కొనుక్కొచ్చింది. "స్టేజీ మీద చెప్పులేమిటే, పరువు తక్కువ" అంది.

బయల్దేరే ముందురోజు అమ్మ బట్టలు సర్దుకుంటుంటే నేను పక్కన నిలబడి అందిస్తున్నాను.

"నేనూ రానా? సామాన్లు మోస్తాను. సౌండు చూసుకుంటాను. నాకంటే ఎవరికి తెలుసు మీ పాటలు?"

"వద్దు నాన్నా" అంది అమ్మ. కూరలో ఇంకొంచెం ఉప్పు వెయ్యనా అంటే వద్దన్నట్టు అంది. "వ్యాన్లో చోటుండదు."

పొద్దున్నే వ్యాను వచ్చింది. ముసురు పట్టి ఉంది. డ్రమ్ములు నేనే ఎక్కించాను. వెనక రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఒకదాని మీద అమ్మ బూట్ల పెట్టె పెట్టింది. రెండోదాని మీద ఏమీ లేదు. నేను చూశానని అమ్మ చూసింది. "జాగ్రత్తమ్మా" అని తలుపు నేనే వేశాను.

ఆ ఇరవై రోజులూ పొయ్యి వెలిగించడం మొదలుకుని చీపురు ఎక్కడుంటుందో వెతకడం దాకా ఎన్ని తిప్పలు పడ్డానో అదొక భారతం. మూడు శుక్రవారాలు వచ్చి వెళ్ళాయి. ఏమేం విడుదలయ్యాయో చూడలేదు. పాఠకులు "చెవికి ఏమైంది?" అని రాశారు. జలుబు అని జవాబిచ్చాను.

అమ్మ నల్లబడి, చిక్కి, మెరుస్తూ తిరిగొచ్చింది. డ్రమ్ములు కూడా ఇంటికే వచ్చాయి. ప్రాక్టీసు చేసుకునే షెడ్డు వానలకు కారుతోందట. ముందుగదిలో దించితే కాలు పెట్టే సందు లేదు. అమ్మ వాటి పక్కనుంచి ఒంటికాలి మీద దాటుతూ వంటింట్లోకి వెళ్ళడం రెండురోజులు చూశాను. మూడోరోజు అన్నాను.

"నా గదిలో పెట్టుకో అమ్మా. అదే పెద్దది, గోడలు మందం."

"మరి నువ్వు?"

"ఎక్కడైనా గది చూసుకుంటాను. షాపు దగ్గర్లో."

వద్దంటుందేమోనని కాసేపు ఆగాను. అమ్మ లేచి నా గదిలోకి వెళ్ళింది. వెనకే వెళ్ళి చూద్దును కదా, గోడ నుంచి గోడకు అడుగులతో కొలుస్తోంది.

"ఇత్తడి పళ్ళేలు, ఆ సింబల్సు, కిటికీ వైపు వస్తాయి" అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వు వెనక ఇంకేదో కూడా వచ్చింది గానీ, దాన్ని రానివ్వలేదు.

వానలు వెనకబట్టేసరికి షాపు వెనక వీధిలో, బేకరీ మేడ మీద ఒక గదిలోకి మారాను. పిన్నీ బాబాయీ వచ్చి పరుపు ఎక్కించారు. అమ్మ తర్వాతి వారం వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా, భుజాన కర్రలున్న సంచి. కిటికీ తెరిచి వీధి చూసింది, కుళాయి తిప్పి చూసింది, మంచం మీద కూర్చుని ఒకసారి ఊగి చూసింది. నేను టీ పెట్టిచ్చాను. పంచదార ఎక్కువైంది. అడుగుదాకా తాగేసింది. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"ఆదివారం భోజనానికి రా."

"వస్తాను."

"వచ్చే ముందు ఫోన్ చెయ్యి."

"మనింటికి రావడానికి ఫోనెందుకమ్మా?"

"ఉంటానో, ఉండనో" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆదివారం పదకొండింటికి ఫోన్ చేశాను. ఎవరో కొత్త గొంతు, ఆడపిల్ల, ఎత్తింది. వెనక మోత దద్దరిల్లుతోంది.

"అమ్మ ఉందాండీ?"

"ఉన్నారండీ, పాట మధ్యలో ఉన్నారు. తమరెవరు?"

"వాళ్ళబ్బాయినండీ."

"పది నిమిషాలాగి చేస్తారా?"

గడియారం ముందు కూర్చుని పది నిమిషాలాగి చేశాను. మళ్ళీ ఆ అమ్మాయే.

"ఇంకా అవలేదండీ. కొత్త పాట, కుదరడం లేదు. ఆవిడ ఒప్పుకోవడం లేదు, మళ్ళీ మొదటినుంచీ అంటున్నారు. అయ్యాక నేనే చేయిస్తాను, పెట్టేస్తున్నానండీ."

"పెట్టెయ్యకండి" అన్నాను. "అక్కడే, ఆ బల్ల మీద ఉంచండి."